పాత బుల్లెట్ స్టాండు ఎగిరెగిరి కొడుతోందా? స్ప్రింగు సంగతి ఆఖర్న చూడండి

చక్రం గతుకులో పడగానే కాళ్ల కింద ‘ఠంగ్’ మంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగితే రెండుసార్లు మోగుతుంది. చాలామంది వెంటనే బజారుకెళ్లి కొత్త స్ప్రింగు తెచ్చి తగిలిస్తారు. కొన్నాళ్లు చప్పుడు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఇంకొందరు పాత ట్యూబు ముక్కతో స్టాండును ఛాసిస్‌కు కట్టేస్తారు. ఆ రబ్బరు సైలెన్సరు వేడికి కరిగి ఏ రోడ్డు మీదో తెగుతుంది.

స్టాండును పైకి లాగి స్టాపరుకు, అంటే అది వచ్చి ఆగే చోటుకు, అదిమి పట్టడమే స్ప్రింగు పని. స్టాపరు మీద రబ్బరు లేకపోయినా, స్టాండు తిరిగే బోల్టు, దాని బెజ్జం అరిగిపోయినా ఎంత గట్టి స్ప్రింగు వేసినా లాభం లేదు. పైగా ఆ గట్టి స్ప్రింగే అరుగుదలను ఇంకా పెంచుతుంది. అందుకే ముందు స్టాపరు, తర్వాత బోల్టు, బుష్‌లు (బోల్టు చుట్టూ బెజ్జంలో ఉండే చిన్న గొట్టాలు), ఆ తర్వాత స్టాండు పాదాలు చూడండి. స్ప్రింగు వీటన్నిటి తర్వాతే.

ఇక్కడ చెప్పేది పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350 గురించి. జావా, యెజ్డీ, రాజ్‌దూత్‌లకూ పద్ధతి ఇదే. తేడా వచ్చేది పానాల దగ్గర. మైసూరులో తయారైన జావా, యెజ్డీలకు మిల్లీమీటరు పానాలు సరిపోతాయి. పాత బుల్లెట్‌లో చాలా బోల్టులు ఇంగ్లండు కొలతలవి. సన్న మరలవైతే అంగుళానికి 26 చుట్లు ఉంటాయి. వాటికి మిల్లీమీటరు నట్టును బలవంతంగా ఎక్కిస్తే రెండు చుట్లు పట్టి మూడో చుట్టు దగ్గర మర చెడుతుంది. తీసిన నట్టును దాని బోల్టుకే తగిలించి పక్కన పెట్టుకోండి.

చప్పుడు స్టాండుదేనా?

ముందు ఇది తేల్చుకోండి. వదులైన సైలెన్సరు క్లాంపు, చైను కవరు, మడ్‌గార్డు రాడ్డు కూడా అచ్చం ఇలాగే మోగుతాయి. మెయిన్ స్టాండును పైకి మడిచి, నైలాన్ తాడుతో ఛాసిస్‌కు బిగించి కట్టండి. బుల్లెట్‌కు చైను ఎడమవైపు ఉంటుంది కాబట్టి తాడు కొస అటు వేలాడకుండా కత్తిరించేయాలి. సైలెన్సరుకు తాడు తగలకూడదు. అదే గతుకుల మీద నెమ్మదిగా ఒక్కసారి నడిపి చూడండి. చప్పుడు పోతే స్టాండుదే. పోకపోతే వేరే చోట వెతకాలి. చూడగానే తాడు విప్పేయండి.

చప్పుడు తీరును బట్టి కూడా కొంత తెలుస్తుంది. గతుకు మీద ఒక్క దెబ్బలా కొట్టి ఆగితే స్టాపరు రబ్బరు పోయింది, లేదా స్ప్రింగు పట్టు తగ్గింది. బండి నిలబడి ఇంజను తిరుగుతున్నప్పుడు కూడా గలగలమంటుంటే బోల్టు దగ్గర ఆట (వదులు) ఉన్నట్టు. మలుపులో మాత్రమే నేలకు రాసుకుంటే స్టాండు పూర్తిగా పైకి లేవడం లేదు, లేదా వెనక షాక్ అబ్జార్బర్లు కుంగాయి. స్టాండు వేశాక బండి అటూ ఇటూ ఊగుతుంటే పాదాలో, బుష్‌లో అరిగాయి.

బండిని ఎత్తి పెట్టడం

స్టాండు విప్పాక బండికి వేరే ఆధారం కావాలి. బుల్లెట్ 160 కిలోలకు పైబడిన బండి. ఒంటరిగా ఈ పనికి దిగొద్దు, పక్కన ఒకరు ఉండాలి. చదునైన సిమెంటు గచ్చు మీద ముందు చక్రాన్ని గోడకు ఆనించండి. ఇంజన్ అడుగున ఒకటిన్నర అంగుళం మందం చెక్క పెట్టి, దాని కింద కారు జాకీతో లేపండి. పేరుకు కాస్ట్ ఐరన్ ఇంజనైనా క్రాంక్‌కేస్, అంటే ఇంజన్ అడుగు పెట్టె, అల్యూమినియంది. అడుగున ఆయిలు తీసే ప్లగ్గులు ఉంటాయి. బరువు వాటి మీద పడితే మరలు ఊడతాయి, కేసు పగిలే ప్రమాదమూ ఉంది. ప్లగ్గులు తగలకుండా చెక్కలో గాడి తీసుకోండి. వెనక చక్రం నేల నుంచి అంగుళం లేస్తే చాలు. హ్యాండిల్‌కు తాడు కట్టి పైన దూలానికో, కిటికీ ఊచకో బిగిస్తే పక్కకు ఒరిగే భయం ఉండదు. పెట్రోలు కుళాయి మూసేయండి.

ఇప్పుడు కిరసనాయిలు, వైరు బ్రష్‌తో స్టాండునూ దాని చుట్టుపక్కలనూ శుభ్రంగా కడగండి. చైను నుంచి చిందిన ఆయిలు, రోడ్డు దుమ్ము కలిసి అక్కడ పేస్టులా గడ్డ కడతాయి. బుష్‌ను అరగదీసేది ఆ పేస్టే. కడిగి తుడిచాక అతుకుల మీద సుద్దపొడి చల్లి కాసేపు ఆగండి. పగులు ఉంటే అందులో దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి సన్నటి తడి గీతలా కనిపిస్తుంది. ముఖ్యంగా కాలు, అడ్డగొట్టం కలిసే మూల దగ్గర చూడండి. పగులు దొరికితే ముందు దాన్ని వెల్డింగు చేయించాకే మిగతా పనులు.

ఆట ఎంత?

స్టాండు కాలి చివర పట్టుకుని పక్కలకు ఊపండి. కాళ్ల పొడవు వల్ల, పైన బోల్టు దగ్గర ఒక మిల్లీమీటరు అరుగుదల కింద పాదం దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. ఆ మాత్రం ఆట పాత బండికి మామూలే, గ్రీజు పెట్టి వదిలేయొచ్చు. అర అంగుళం ఊగితే మాత్రం విప్పాల్సిందే.

విప్పే ముందు స్ప్రింగు తీయాలి. కొక్కేలు ఎటు తిరిగి ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి. స్టాండును పైకీ కిందికీ తిప్పుతుంటే మధ్యలో ఒకచోట స్ప్రింగు బాగా సాగి, చుట్ల మధ్య సందులు కనిపిస్తాయి. ఒకరు స్టాండును కాలితో అక్కడే ఆపి పడితే, ఇంకొకరు ఒక్కో సందులో ఒక్కో పలుచటి వాషరు దూర్చాలి. తర్వాత స్టాండును పైకి మడిస్తే స్ప్రింగు పొడవుగానే ఉండిపోతుంది, కొక్కెం చేత్తో ఊడుతుంది. స్క్రూడ్రైవరుతో పెకిలించడం కంటే ఇది చాలా నయం. ఏ పద్ధతిలో చేసినా కంటికి అద్దాలు తప్పనిసరి. జారిన స్ప్రింగు సూటిగా ముఖానికే వస్తుంది.

బోల్టు, బెజ్జాలు, బుష్

మోడల్‌ను బట్టి స్టాండు ఇంజన్ వెనక ప్లేట్ల మధ్యనో, ఛాసిస్ కింది చెవుల (బెజ్జమున్న ఇనుప పలకల) మధ్యనో తిరుగుతుంది. బోల్టు లాగి చూడండి. తిరిగే చోట గాడి పడి ఉంటే అది పనికిరాదు. కొత్తది తెచ్చుకునేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, తల దాకా మరలున్న బోల్టు కొనడం. మరల అంచులు ఆకురాయిలా బెజ్జాన్ని కోసేస్తాయి. బెజ్జాలు ఆనే మేరంతా నున్నగా ఉండి, మరలు చెవి బయట మొదలయ్యే బోల్టు కావాలి. దొరక్కపోతే పొడవైనది కొని కొస కోయించండి. గట్టిదనం విషయంలో 8.8 అచ్చు ఉన్న బోల్టు సరిపోతుంది.

ఇక బెజ్జాలు. సన్న కొలతలు చూపే వెర్నియర్‌తో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. రెండింటికీ అర మిల్లీమీటరు మించి తేడా ఉంటే బెజ్జం ఓవల్ అయినట్టే. లావు బోల్టు వేసి సరిపెట్టాలని చూస్తారు గానీ, ఓవల్ బెజ్జంలో అది కూడా ఆడుతుంది. లేత్ షాపుకు తీసుకెళ్లడమే సరైన దారి. ఉదాహరణకు బోల్టు 12 మి.మీ. అయి, బెజ్జం 13.5 దాకా అరిగిందనుకోండి. బెజ్జాన్ని గుండ్రంగా 16 మి.మీ.కు బోరు చేయించి, బయటి కొలత వందో వంతుల్లో రెండు మూడు ఎక్కువగా, అంటే 16.02 నుంచి 16.03, లోపలి కొలత 12.1 ఉండే బుష్‌ను ప్రెస్‌లో పెట్టి కొట్టించాలి. గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ అయితే నున్నగా తిరుగుతుంది, అరిగినా అదే అరుగుతుంది, బోల్టు బతుకుతుంది. ఈ కొలతలతో బుష్ గోడ దాదాపు 2 మి.మీ. వస్తుంది, అంతకంటే మరీ పలుచగా ఉంటే పగులుతుంది. కొట్టేటప్పుడు బుష్ మూతి కాస్త ముడుచుకుంటుంది కాబట్టి ఆ తర్వాత రీమరు (బెజ్జం లోపలి కొలత సరిచేసే పనిముట్టు) తిప్పి 12.1 తేల్చమని ముందే చెప్పండి. ఈ మాట చెప్పకపోతే బోల్టును సుత్తితో దిగ్గొట్టి ఇస్తారు.

బోరు చేయడానికి చెవుల్లో చాలినంత ఇనుము లేకపోతే బెజ్జం నింపి వెల్డింగు చేసి మళ్లీ తొలవాలి. రెండు చెవులు ఒకే వరసలో లేకపోతే స్టాండు వంకరగా తిరుగుతుంది. అందుకే వెల్డింగు చేసేటప్పుడు ఒకే తిన్నని రాడ్డును రెండింటిలోంచి దూర్చి, అక్కడక్కడ చుక్కల్లా వెల్డింగు పెట్టి చూసి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగు చేయించాలి. ఛాసిస్ మీద వెల్డింగు పెట్టే ముందు బ్యాటరీ వైర్లు రెండూ తీసేయండి. ట్యాంకు కూడా దించి దూరంగా పెట్టాలి. ఎర్త్ క్లాంపును వెల్డింగు చేసే చోటికి ఆనుకునే బిగించమనండి. క్లాంపు చక్రం దగ్గర తగిలిస్తే కరెంటు బేరింగులోంచి పోయి గోళీలు కాలతాయి.

బిగింపు విషయం. బోల్టు బిగించాక స్టాండు తిరగాలి, కానీ పక్కలకు ఆడకూడదు. చెవులను నట్టుతో నొక్కి ఆట తీసేద్దామనుకుంటే స్టాండు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న స్టాండు రోడ్డు మీద సగం దిగి ఉండిపోతే, వదులు స్టాండు కంటే పెద్ద ప్రమాదం. బుష్ మధ్యలో స్పేసరు గొట్టం ఉండే రకమైతే, గొట్టం పొడవు స్టాండు అడ్డగొట్టం కంటే 0.2 నుంచి 0.3 మి.మీ. ఎక్కువ ఉండాలి. అప్పుడు నట్టు ఎంత బిగించినా చెవులు గొట్టానికి బిగుసుకుంటాయే తప్ప స్టాండుకు కాదు. స్పేసరు లేని రకంలో పక్కలకున్న ఆటను పలుచటి వాషర్లతో సరిచేసి, నైలాన్ రింగున్న నట్టు వేయండి. మామూలు నట్టయితే బెజ్జంలో స్ప్లిట్ పిన్ను దూర్చాల్సిందే, ఇంజను అదురుకు వదులవకుండా ఉండదు. బుష్ లోపల మామూలు లిథియం గ్రీజు పూయండి. లేత్ షాపులో ఉన్నప్పుడే అడ్డగొట్టానికి గ్రీజు ఎక్కించే నిప్పిల్ పెట్టించుకుంటే మళ్లీ విప్పే పని ఉండదు.

స్టాపరు, పాదాలు

స్టాండుకు ఆగే చోట్లు రెండు. పైకి మడిచినప్పుడు రబ్బరు మీద ఆగుతుంది, కిందికి దింపినప్పుడు ఇనుప చెక్కకు ఇనుము తగిలి ఆగుతుంది.

పై రబ్బరు పోతే స్టాండు కాలు సైలెన్సరునో, ఛాసిస్‌నో కొడుతుంది. విడిగా దొరకకపోతే లారీ టైరు పక్కగోడ నుంచో, పాత కన్వేయర్ బెల్టు నుంచో 8 నుంచి 10 మి.మీ. మందం ముక్క కోసి, మధ్యలో బోల్టు తల లోపలికి దిగేలా గుంట తీసి బిగించండి. సైకిల్ ట్యూబు, చెప్పు రబ్బరు వేడికి నిలవవు. రబ్బరు మరీ మందమైతే స్టాండు పూర్తిగా లేవక మలుపుల్లో నేలకు తగులుతుంది.

కింది స్టాపరు అరిగితే స్టాండు అవసరమైనదాని కంటే ముందుకు పోతుంది. బండి కుంగుతుంది, స్టాండు తీయడానికి బలంగా తోయాల్సి వస్తుంది. చూసే తీరు చెబుతాను. బండి స్టాండు మీద ఉన్నప్పుడు దారానికి నట్టు కట్టి, బోల్టు మధ్య నుంచి నేల దాకా వేలాడదీయండి. పాదం నేలకు ఆనే చోటు ఆ దారానికి 25 నుంచి 40 మి.మీ. ముందు ఉండాలి. ఇంకా ముందుకు పోతే స్టాపరు ముఖం మీద 2, 3 మి.మీ. వెల్డింగు నింపి ఆకురాయితో చదును చేయాలి. ఒకేసారి ఎక్కువ నింపొద్దు. పాదం దారానికి దగ్గరగా ఆగితే బండి చిన్న తోపుకే స్టాండు మీంచి జారిపోతుంది. కొంచెం నింపడం, బండిలో పెట్టి చూడటం, మళ్లీ నింపడం, అంతే.

పాదాలు అరిగితే వెనక చక్రం నేలను వదలదు. వెల్డింగుకు ఇచ్చే ముందు ఎంత మందం కావాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు పాదాల కింద ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక టైరుకు నేలకు మధ్య అంగుళం సందు వచ్చేదాకా చూడండి. ఆ పట్టీల మందమే వెల్డింగు చేయాల్సిన ప్లేటు మందం. ముందు, వెనక అంచులు గుండ్రంగా గ్రైండింగు చేయించాలి, లేకపోతే స్టాండు వేసేటప్పుడు దొర్లదు. ఎత్తు ఎక్కువైతే స్టాండు వేయడానికి నడుము పడిపోతుంది. ఒక పాదం ఎక్కువ అరిగి ఉంటే దానికి మందం ప్లేటు, రెండోదానికి పలుచటిది వేయించండి. రెండింటికీ ఒకే ప్లేటు వేస్తే బండి ఒరిగినట్టే ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. బుల్లెట్‌కు మొదట వచ్చిన టైరు 3.25-19. దాని బదులు 3.50 వేస్తే చక్రం దాదాపు పావు అంగుళం కిందికి వస్తుంది. స్టాండు బాగానే ఉన్నా టైరు నేలకు తగులుతుంది. ఆ తప్పును స్టాండు నెత్తిన వేసి ప్లేట్లు అతికించకండి.

ఇప్పుడు స్ప్రింగు

విడిగా తీసిన స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఊరికే చేతిలో పట్టుకున్నప్పుడే సందులు కనిపిస్తే అది సాగిపోయింది. రెండో పరీక్ష బండి మీద చేయాలి. స్టాండు పైకి మడిచి ఉన్నప్పుడు కూడా చుట్ల మధ్య సన్నటి సందు కనబడాలి. చుట్లు మూసుకుని ఉంటే స్టాండును పట్టే బలం అక్కడ మిగల్లేదన్నమాట. గతుకులో ఎగిరేది అందుకే.

కొత్త స్ప్రింగు కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. హైదరాబాదులో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల డబ్బా నిండా కుప్ప పోసి ముందు పెడతారు. పొడవు ఒక్కటే చూసి తీసుకోవద్దు. వెర్నియర్‌తో తీగ మందం చూడండి. తీగ మందం పదో వంతు పెరిగితే స్ప్రింగు బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అంత బిగువుతో స్టాండు వేయడం కష్టం, కొక్కెం మెడ దగ్గర విరగడం ఖాయం. పొడవు మరీ తక్కువదైతే స్టాండు తిరిగే మధ్యలో హద్దు దాటి సాగి, కొన్నాళ్లకే సాగిలబడిపోతుంది. సరిపోని స్ప్రింగుకు చుట్లు కోసి, కొసను గ్యాస్‌తో కాల్చి కొక్కెం వంచే అలవాటు కొందరికి ఉంది. కాల్చిన చోట ఉక్కు గట్టిదనం పోతుంది, మళ్లీ అక్కడే తెగుతుంది. జంట స్ప్రింగులున్న బండికి రెండూ కలిపే మార్చాలి.

కొక్కెం తగిలే ముక్కుల మీదా ఒక కన్నేయండి. గాడి ముక్కు మందంలో మూడో వంతు దిగితే నింపించి నున్నగా రాయండి. పదునైన గాడే కొత్త స్ప్రింగును తెంపేస్తుంది.

తగిలించే వరస ఇది:

1. స్ప్రింగును వైస్‌లో ఒక కొస పట్టి, ఒక పక్కకు వంచి, తెరుచుకున్న సందుల్లో 1 నుంచి 1.5 మి.మీ. వాషర్లు దూర్చండి. తర్వాత రెండో పక్కకు వంచి మిగతా సందుల్లో దూర్చండి. 1.5 మి.మీ. వాషర్లు పది పడితే 15 మి.మీ. పొడవు పెరుగుతుంది.
2. స్టాండును పైకి మడిచి, రెండు కొక్కేలకూ గ్రీజు రాసి, ఫొటోలో ఉన్న వైపే తగిలించండి. కొక్కెం నోరు చైనుకు, టైరుకు ఎదురుగా ఉండకూడదు.
3. స్టాండును నెమ్మదిగా కిందికి దింపండి. స్ప్రింగు సాగుతుంటే వాషర్లు వాటంతటవే రాలతాయి. లెక్క పెట్టుకోండి, ఒకటి లోపల మిగిలితే అక్కడే స్ప్రింగు తెగుతుంది.
4. స్టాండును స్టాపరు నుంచి రెండంగుళాలు లాగి వదలండి. టక్కున వెళ్లి రబ్బరుకు ఆనాలి. నెమ్మదిగా పోతే బోల్టు బిగుతు, బుష్ చూడండి.

సైడ్ స్టాండు

దీనిలో తప్పులు తక్కువే, కానీ దెబ్బ ఎక్కువ. పైకి లేవని సైడ్ స్టాండు ఎడమ మలుపులో నేలకు తగిలితే బండిని పల్టీ కొట్టిస్తుంది. బ్రాకెట్టు రెండు చీలికల మధ్య స్టాండు నాలుక ఆడుతుంటే 0.5 నుంచి 1 మి.మీ. వాషర్లు అటూ ఇటూ పెట్టండి. సుత్తితో చీలికలను కొట్టి దగ్గరకు నొక్కితే పాత ఇనుము మూలలో పగులుతుంది. నట్టును బిగుతు తగిలేదాకా తిప్పి, పావు చుట్టు వదిలి, మీద రెండో నట్టుతో తాళం వేయాలి. బండి ఎడమకు మరీ ఒరిగితే పాదానికి ప్లేటు అతికించడం కంటే ముందు బ్రాకెట్టు వంగిందేమో చూడండి. సైడ్ స్టాండు మీద బండి ఉండగానే ఎక్కి కిక్కు కొడితే వంగేది ఆ బ్రాకెట్టే. వంగిన దాన్ని విప్పి, ఎర్రగా కాల్చి సరిచేసి, నీళ్లలో ముంచకుండా గాలికే చల్లారనివ్వాలి.

అన్నీ బిగించాక సైలెన్సరు మీద స్టాండు కాలు ఎదురుగా వచ్చే చోట తడి సుద్ద పూసి ఆరనివ్వండి. ఇద్దరు ఎక్కి రెండు మూడు స్పీడ్ బ్రేకర్లు దాటి వచ్చి చూడండి. సుద్ద చెదరకపోతే సరే. కాలి ముద్ర పడితే స్టాపరు రబ్బరు కింద 3 మి.మీ. ప్యాకింగు వేసి మళ్లీ నడిపి చూడాలి. 50 కిలోమీటర్లు తిరిగాక బోల్టు నట్టును ఒకసారి పానాతో తాకి చూడండి, కొత్త బుష్ సర్దుకున్నప్పుడు అది కాస్త వదులవుతుంది.